నాణెం అడగకండి, నాణెం గురించి అడగండి

రాజమండ్రి దగ్గర రైలు గోదావరి వంతెన ఎక్కగానే పెద్దవాళ్ల చేతులు చిల్లర కోసం వెతుక్కుంటాయి. నదికి దండం పెట్టి ఒక బిళ్ల నీళ్లలో వెయ్యడం తరాలుగా వస్తున్న అలవాటు. కింద నీళ్లలో తాడుకు అయస్కాంతం కట్టి వెతికితే ఇప్పటి ఉక్కు నాణేలు అంటుకుంటాయి. రాగి కాణీ, విక్టోరియా వెండి రూపాయి అంటుకోవు. 1946, 1947 సంవత్సరాల జార్జి రూపాయి మాత్రం అంటుకుంటుంది, ఎందుకంటే అప్పటికి వెండి పోయి నికెల్ వచ్చింది. 1939 దాకా రూపాయిలో నూటికి 91 పాళ్లకు పైగా వెండి ఉండేది, 1940 నుంచి అది సగానికి పడిపోయింది, యుద్ధం ముగిశాక పూర్తిగా పోయింది. ఒక సామ్రాజ్యం ఖజానా ఎలా కరిగిపోయిందో ఎనిమిదేళ్ల రూపాయలు వరసగా పేర్చితే కనిపిస్తుంది. ఈ సంగతి కేటలాగులోనూ ఉంటుంది. కానీ మూడు రూపాయలు మీ అరచేతిలో పెట్టి, మూడింటినీ బల్ల మీద ఒక్కొక్కటిగా మోగించి, చెవితో తేడా పట్టుకోవడం నేర్పేది మాత్రం నలభై ఏళ్లుగా నాణేలతో కాపురం చేసిన ఒక మనిషే. అలాంటి పాతకాపు దగ్గరికి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఏమి అడగాలి, ఆయన ఇచ్చినదాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నదే ఈ అధ్యాయం విషయం.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. పెద్ద సేకర్త దగ్గర రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి పెట్టెలోని వస్తువు, రెండోది ఆ వస్తువు గురించి ఆయనకు తెలిసినది. మొదటిది ఇస్తే ఆయనకు తగ్గిపోతుంది. రెండోది ఇస్తే తగ్గదు, ఇవ్వకపోతే మాత్రం ఆయనతోపాటే పోతుంది. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవాళ్లు చాలామంది మొదటి ఆస్తి మీద కన్నేసి వెళ్తారు. ‘ఇది ఎంతకిస్తారు’ అని అడుగుతారు, తలుపు సగమే తెరుచుకుంటుంది. రెండో ఆస్తి కోసం వెళ్లినవాళ్లకు తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, ఎందుకంటే దాన్ని అందుకునేవాళ్ల కోసం ఆ పెద్దాయన కూడా ఎదురు చూస్తున్నాడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు, నాణేల మీద వాళ్లకు ఆసక్తి లేదు. తన తరువాత ఈ పెట్టె బంగారం కొట్టులో తూకానికి పోతుందన్న దిగులు ఆయనకు ఉంటుంది. అందుకే పాత సేకర్తల ఔదార్యాన్ని కేవలం మంచి మనసుగా చూస్తే సగమే అర్థమవుతుంది. అది వారసుడి కోసం వెతుకులాట కూడా.

వస్తువు కన్నా సమాచారమే విలువైనదని అనడం మాటవరసకు కాదు. మన గోదావరి నేలనే తీసుకోండి. రాజమహేంద్రవరం నుంచి ఏలిన తూర్పు చాళుక్యుల బంగారు నాణెం పల్చగా, వెడల్పుగా ఉంటుంది. మధ్యలో వరాహం, చుట్టూ విడివిడి ముద్రలుగా కొట్టిన అక్షరాలు, వాటిలో రాజు పేరు, పాలనా సంవత్సరం. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడి నాణేలు, ఆయనకు ముందు ఏలిన శక్తివర్మ నాణేలు అరకాన్ తీరాన చెదూబా దీవిలోనూ, సయాంలోనూ దొరికాయి. బంగారంగా చూస్తే ఆ నాణెం ఎక్కడ దొరికినా తూకం ఒక్కటే. చెదూబాలో దొరికిందన్న ఒక్క మాట పక్కన ఉంటేనే అది వెయ్యేళ్ల కిందటి మన సముద్ర వ్యాపారానికి సాక్ష్యం అవుతుంది. ధవళేశ్వరంలో తూర్పు చాళుక్య నాణేలు, చోళ నాణేలు ఒకే నిధిలో దొరికాయి. ఆ రెండు రాజవంశాల వియ్యం శాసనాల్లో చదువుతాం, కలిసి దొరికిన నాణేల్లో అది చేతికి తగులుతుంది. అదే నిధిని ఎవరో విడదీసి, ఒక్కో బిళ్లనూ ఒక్కో ఊళ్లో అమ్మి ఉంటే బంగారం మిగిలేది, చరిత్ర మిగిలేది కాదు. మన ఇళ్లలో కాసులపేర్లలో గుచ్చిన కాసుల్లో ఎన్నింటికి ఇలాంటి కథ ఉండేదో, కరిగించి కొత్త నగ చేయించినప్పుడు ఎన్ని పోయాయో చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు.

ఇదే గోదావరి ఒడ్డున, ఎగువన తెలంగాణలో, కోటిలింగాల ఉంది. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ దొరికే నాణేలను ఓపికగా సేకరించారు. వాటిని పెట్టెలో దాచుకుని ఊరుకుంటే ఆయన దగ్గర మంచి సేకరణ ఉందని నలుగురు చెప్పుకునేవాళ్లు, అంతటితో అయిపోయేది. ఆయన వాటిని శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి దృష్టికి తెచ్చారు. గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లు, వాటితోపాటు సాతవాహన వంశానికి మూలపురుషుడిగా పురాణాలు చెప్పే శ్రీముఖుడి పేరు నాణేల మీద చదవగలిగారు. సాతవాహనుల తొలి రోజుల గురించి చరిత్రకారుల వాదనలన్నీ ఆ తరువాత ఈ నాణేలను లెక్కలోకి తీసుకోక తప్పలేదు. ఒక అభిరుచి గల మనిషి, ఒక పండితుడు ఒకరినొకరు నమ్మారు కాబట్టే ఇది జరిగింది. ఇద్దరిలో ఏ ఒక్కరు ‘ఇది నాది’ అని పట్టుబట్టినా జరిగేది కాదు.

రాజమండ్రిలో ఈ నమ్మకం ఒక సంస్థగానే నిలబడింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండిన సందర్భంలో, 1922లో, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఇక్కడ ఏర్పడింది. ఆ ఏడాదే పట్టాభిషేక సంచిక వెలువడింది. భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్లబండి సుబ్బారావు వంటివాళ్లు దాని వెన్నెముక. వాళ్లు తిరిగి తిరిగి తెచ్చిన తామ్రశాసనాలు, నాణేలు, శిల్పాలు ఇంట్లో అలంకారాలుగా మిగిలిపోలేదు. ఈరోజు గోదావరి గట్టున ఉన్న ప్రభుత్వ మ్యూజియానికి రాళ్లబండి సుబ్బారావు పేరే ఉంది. ఆ కాలంలోనే మినిమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లి సోమశేఖర శర్మ పెద్ద డిగ్రీలేవీ లేకుండానే కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర విజ్ఞాన సర్వస్వం పనిలో చేరి, తరువాత విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించే స్థాయికి ఎదిగారు. ఒక తరం తలుపు తెరిచింది, తరువాతి తరం లోపలికి వెళ్లి పనిచేసింది. చరిత్ర చదువు మన ప్రాంతంలో పెరిగిన తీరు ఇదే.

అయితే అది జాతీయోద్యమ కాలం, అప్పటి మనుషులు వేరు, డబ్బు ప్రవేశించిన చోట ఇలాంటివి నిలవవు అని ఎవరైనా అనవచ్చు. ఇది బలమైన అభ్యంతరమే. దీనికి జవాబు కోసం సేకరణ పూర్తిగా డబ్బుమయమైన చోటికే వెళ్లి చూద్దాం. అమెరికాలో పాత బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలున్న అట్టముక్కలు సేకరిస్తారు, ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో ఉచితంగా వచ్చినవి. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి బొమ్మ ఉన్న అట్ట ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. అంత డబ్బున్న ఆ అభిరుచికి పునాది వేసిన జెఫర్సన్ బర్డిక్ మాత్రం ఒక సామాన్య కార్మికుడు, కీళ్లవాతంతో వేళ్లు వంగిపోయినవాడు. కార్డులకు వరస సంఖ్యలిచ్చి కేటలాగు తయారుచేసింది ఆయనే. ఈరోజుకీ సేకర్తలు ఆయన పెట్టిన సంకేతాలతోనే మాట్లాడుకుంటారు. మూడు లక్షలకు పైబడిన తన సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లి, తన చేతులతోనే ఆల్బముల్లో అంటించారు. 1963 జనవరిలో ఆ పని ముగించారు, మార్చిలో మరణించారు. వాగ్నర్ కార్డు ఒకటి ఆ సేకరణలోనూ ఉంది. ధర పెరిగిన చోట ఔదార్యం చచ్చిపోతుందన్న వాదన దీని ముందు నిలవదు. ధర పెరిగిన చోట బేరగాళ్లు పెరుగుతారు, అది నిజం. వాళ్ల మధ్య బర్డిక్ లాంటివాళ్లను గుర్తుపట్టడం మనం నేర్చుకోవాలి.

గుర్తుపట్టడం ఎలా? దీనికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నిజమైన పాతకాపు తన నాణెంలోని లోపాన్ని తనే ముందు చూపిస్తాడు. ‘ఇది అచ్చు మంచిదే గాని ఎవరో తోమేశారు, మెరుగు పోయింది’ అంటాడు. తొందరపెట్టడు. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకుని, తెలిసిన మరో మనిషి పేరు చెబుతాడు, ఆ మనిషితో తనకు పడకపోయినా సరే. మోసగాడి లక్షణాలు దీనికి తలకిందులు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయని, ముందు కొంత రుసుము కట్టమని చెప్పేవాళ్లు మీ ఫోనుకే వస్తారు. అలాంటి కొనుగోళ్లతో తనకు ఏ సంబంధమూ లేదని, తన పేరు చెప్పి రుసుములు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా హెచ్చరించింది. పాతకాపుకూ మోసగాడికీ మధ్యన నాణేల వ్యాపారి ఉంటాడు. ఆయనది మోసం కాదు, జీవనోపాధి. ఆయన దగ్గర ఉచిత పాఠాలు ఆశించి, ధర కట్టించుకుని, కొనకుండా వచ్చేయడం మర్యాద కాదు.

ఇక వెళ్లే పద్ధతి. ముందు కళ్లకు కొంత సాధన కావాలి. ఒక ఆదివారం కాదు, నాలుగు ఆదివారాలు మ్యూజియానికి వెళ్లండి. నాణేల అరల ముందు నిలబడి, చీటీ చదవకుండా ఏ కాలానిదో ఊహించి, తరువాత చీటీ చదివి సరిచూసుకోండి. గౌతమి గ్రంథాలయంలో కూర్చుని తూర్పు చాళుక్యుల చరిత్ర చదవండి. ఇంట్లో అమ్మమ్మ డబ్బాలో ఉన్న చిల్లరంతా బల్ల మీద పోసి విడదీయండి: దమ్మిడీలు, కాణీలు, అణాలు, బేడలు, పావలాలు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీలు తప్పక కనిపిస్తాయి. పాత అణా బిళ్ల మీద తెలుగులో ‘ఒక అణా’ అని ఉండడం చూసి ఆశ్చర్యపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక కొన్నేళ్లు ‘నయా పైసా’ అని రాసేవాళ్లు, తరువాత ‘నయా’ పోయింది. ఈ మాత్రం మీ అంతట మీరు చేసుకుంటే మీ దగ్గర ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోమినట్టు నాణేలు మాత్రం తోమకండి. రాగి నాణెం మీద వందేళ్లుగా పట్టిన రంగు ఒక్క పూటలో పోతుంది, మళ్లీ రాదు. మొదటిసారి చూపించడానికి తళతళలాడే కాణీ తీసుకెళ్తే ఆ పెద్దాయన ముఖంలో బాధ చూడాల్సి వస్తుంది.

వెళ్లాక మొదటి ప్రశ్న ‘మాస్టారూ, ఇది మీకు ఎక్కడ దొరికిందండీ’ అన్నదే కావాలి. ఈ ఒక్క ప్రశ్నలో ఆయన తిరిగిన ఊళ్లు, కలిసిన మనుషులు, పడ్డ శ్రమ అన్నీ బయటికి వస్తాయి. ‘ఎంత పెట్టి కొన్నారు’ అన్న ప్రశ్న దీనికి పక్కదే అయినా, రెంటికీ చాలా దూరం ఉంది. ఈ మర్యాదకు మన గోదావరి నేలలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి, ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ మెకంజీ దగ్గర పనిచేశారు. దక్షిణ దేశమంతా తిరిగి ఊరి కరణాల దగ్గర కవిలెలు, దేవాలయాల దగ్గర శాసన ప్రతులు, ఇళ్లలో తాళపత్రాలు చూపించమని అడిగి రాయించుకున్నారు. మెకంజీకి దేశభాషలు రావు. తన సేకరణ బొర్రయ్య వల్లనే సాధ్యమైందని ఆయనే ఒప్పుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు, తమ్ముళ్లు పని కొనసాగించారు. ఆ సేకరణలో చివరికి 8,076 శాసనాల ప్రతులు, 6,218 నాణేలు చేరాయి. కంపెనీ అధికారి పేరు చెబితే భయపడి ఇచ్చినవాళ్లు కొందరు ఉండవచ్చు. కానీ భయంతో ఇచ్చినవాడు కాగితం ఇస్తాడు గాని కథ చెప్పడు. అలా రాయించుకుని మనకు మిగిలిన కైఫీయతుల నిండా ఊళ్ల కథలే ఉన్నాయి.

తీసుకున్నదానికి ఏమి ఇవ్వాలన్న ప్రశ్న చాలామందిని వెనక్కి లాగుతుంది. ఊరికే తీసుకుంటే రుణపడిపోతామన్న సంకోచం మంచిదే, కానీ ఆ రుణం డబ్బుతో తీర్చేది కాదు. డెబ్భై దాటిన సేకర్తకు కళ్లు సన్నని అక్షరాలను పట్టలేవు, మీ కళ్లు పడతాయి. ఆయన నోట్సు పాత డైరీల్లో చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిని మీరు వరసగా టైపు చేయగలరు. ప్రతి నాణేన్ని రెండు వైపులా ఫొటో తీసి, తూకం రాసి, ఒక జాబితా తయారు చేయగలరు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన రాగి నాణేలకు పచ్చని జిగురు పడుతుంది. వర్షాకాలం ముందు ఒక పూట కూర్చుని కవర్లు మార్చిపెట్టడం ఆయనకు ఏ కానుక కన్నా ఎక్కువ. స్కూలు పిల్లలున్న తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట: ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు స్టాంపుల సేకరణలో తపాలా శాఖ 2017 నుంచి దీన్‌దయాళ్ స్పర్శ్ పేరుతో ఏడాదికి 6,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తోంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్, కందుకూరి వీరేశలింగం, పాలకొల్లు అల్లు రామలింగయ్య స్టాంపులతో మొదలుపెట్టిన పిల్లవాడికి సొంత ఊరి చరిత్రే మొదటి ఆల్బం అవుతుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపిస్తుంది. ఈ ఔదార్యం అందరికీ ఒకేలా అందదు. తమలాంటివాడు, తమ ఇంటి పిల్లవాడిలా కనిపించేవాడు వస్తే తెరుచుకున్న పెట్టె మరొకరికి తెరుచుకోకపోవచ్చు. కులం, చదువు, భాష తీరు అడ్డం పడతాయి. ఆడపిల్ల ఒంటరిగా ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లి గంటల తరబడి నాణేలు చూడడం మన ఊళ్లలో ఇప్పటికీ సులువు కాదు. నిజానికి ఇంటి పాత డబ్బా చివరికి చేరేది ఆడవాళ్ల చేతికే, ఏది ఏమిటో వాళ్లకే ఎవరూ చెప్పలేదు. దీనికి నేను చూడగలిగిన దారి, కలుసుకునే చోటు మార్చడం. ఇంటి హాలు కన్నా గ్రంథాలయం, మ్యూజియం ఆవరణ, ప్రదర్శన జరిగే కల్యాణ మండపం మేలు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. అలా వెళ్లినా చిన్నచూపు ఎదురైతే అది మీ లోపం కాదు. ఆ మనిషిని వదిలి మరొకరిని వెతకండి.

చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసిన తప్పు కూడా తప్పే. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో పాత నాణేల కుండ దొరికితే అది వెంటనే దొరికినవాడి సొత్తు అయిపోదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి ప్రాచీన వస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించడం నేరం, వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు సేకరణ అంటేనే చరిత్రను దాచుకోవడం కదా అని కొందరు పురావస్తు ప్రేమికులు అంటారు. దొరికిన చోటు దాచిపెట్టే సేకరణ విషయంలో ఆ నింద పూర్తిగా సరైనదే. నరహరి శర్మ, రాళ్లబండి సుబ్బారావు చేసిన పనికి మాత్రం అది వర్తించదు. వాళ్లు లేకపోతే మ్యూజియం అరల్లో ఈరోజు చూసేవాటిలో చాలా భాగం కంసాలి కుంపటిలో ఉండేది. మీరు కలిసే పెద్దాయన ఏ రకమో తెలియడానికి మళ్లీ అదే ప్రశ్న చాలు: ఎక్కడ దొరికింది? జవాబు దాటవేసే మనిషి దగ్గర పాఠం నేర్చుకోకండి.

చివరగా ఈ పుస్తకం చదివే పాత సేకర్తలకు ఒక విన్నపం. మీ పెట్టెలోని ప్రతి నాణెం పక్కన ఒక చిన్న చీటీ పెట్టండి. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎవరి ద్వారా వచ్చిందో మూడు ముక్కలు చాలు. రాయడానికి చేతికి ఓపిక లేకపోతే, ఆదివారం పూట రాసిపెట్టే పిల్లనో పిల్లవాడినో ఇంటికి పిలవండి.